బాపు పక్క సీటు

సిద్దిపేట, 1940.

చెల్లెలు కన్యకకు అక్క దీవెనలు.

పురుటికి ఎడ్లబండిలో వస్తే ఆ కుదుపులు నీకు పడవని మంత్రసాని చెప్పిందట, మీ ఆయన రాశారు. ఆదివారం మన మోటారు కారే హుస్నాబాదుకు వస్తుంది, సిద్ధంగా ఉండు.

బాపుకు చూపు పోయినప్పటి నుంచి అది కొట్టంలోనే ఉంది. మొన్న నేను నడిపి చూస్తే కొంచెం దూరానికే ఇంజన్ సలసల కాగింది. థర్మోస్టాటు పట్టేసిందన్నాడు బాపు. ఇంజన్ వేడెక్కగానే తెరుచుకుని, నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే చిన్న మూత అది. హైదరాబాదు నుంచి కొత్తది తెప్పించి వాకిట్లో నేనే మార్చాను. బాపు పక్కనే కూర్చుని చెప్పాడు.

"గట్ల గుంజకు బిడ్డా. ముందుగాల గా పైపు పట్టీ వదులు చెయ్యి."

చిన్నప్పుడు నంగునూరు దారిలో ఇంజన్ కాగితే మనిద్దరం బావి నీళ్లకు పరుగెత్తేవాళ్లం. అక్కడ రేగుపండ్లు ఏరుకోవచ్చని, మోటారు ఎప్పుడు ఆగుతుందా అని నువ్వు ఎదురుచూసేదానివి.

ఇంజన్ తిప్పాక బాపు పైపు మీద చెయ్యి పెట్టాడు. చల్లటి పైపు కాసేపటికి వేడెక్కింది. "తెరుచుకున్నది!" అన్నాడు. తడుముకుంటూ వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆఖరికి పక్క సీటులోకి జరిగాడు.

"రా బిడ్డా. నీకు నేర్పింది నేనే గదా, నువ్వే నడుపు."

బజారు మీదుగా పోతుంటే అంగళ్లవాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు.

"మంది చూస్తున్నరా?" అని అడిగాడు బాపు.

"అందరూ చూస్తున్నరు బాపూ."

"అయితే హారన్ కొట్టు."

నీ అక్క