కాసేపాగు బావా

సుజాతా,

ఈ సంగతి ముందు నీకే చెప్పాలి. నీ ప్రోగ్రామ్ గెలిచింది!

పోర్టు గేటు దగ్గర లారీలకు వరస చెప్పే నీ ప్రోగ్రామ్‌ను ఈరోజు తీసేయాల్సింది. కొత్త యార్డును అందులో కలపలేకపోతే వేరేది కొంటామని మన ఆఫీసులో తేల్చేశారు. నువ్వు పోయాక దాన్నెవరూ ముట్టుకోలేదు. ఆ పని వన్‌టౌన్ అమ్మాయి, కొత్త ఇంజనీరు రెహానాకు ఇచ్చారు. నేను పక్కనే నిలబడ్డాను. భోజనాల వేళకే కలిపేసింది, ఆ పాత కంప్యూటర్ల మీదే!

"ఎవరు రాసేరండీ ఇది? పక్కన కూకోబెట్టి సెప్పినట్టుంది!"

"మా ఆవిడ," అన్నాను.

రాయడం అయ్యాక ఏ మార్పూ నీ చేత్తో చేసేదానివి కాదు. చేతులు కట్టుకుని కూర్చుని, పక్కవాళ్లతో చేయించేదానివి. "నాను లేకపోయినా నడిస్తేనే పనైనట్టు బావా," అనేదానివి. నువ్వు సెలవు పెట్టే రోజుల సంగతి అనుకునేవాణ్ణి.

లారీవాళ్ల కోసం నువ్వు పెట్టిన మాటను రెహానా మార్చలేదు. సాయంత్రం ఆగలేక గేటు దాకా వెళ్లి చూశాను. డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి టీ తాగుతున్నారు. తెర మీద నీ మాటే వెలుగుతోంది:

"కాసేపాగు బావా, నీ వంతొస్తాది."