చప్పుడు లేని కరెంటు

బోడిగుట్టపల్లి,
రామకుప్పం మండలం.
18 నవంబరు 2024.

చిరంజీవి దినేష్‌కు,

ఆశీర్వదించకుండా ఉత్తరం మొదలుపెట్టకూడదని మా నాయన నేర్పాడు కాబట్టి ఆశీస్సులు. మనసులోంచి వచ్చినవి అనుకునేవు! ఫోనులో అయితే తిట్టడానికే సరిపోతుందని రాస్తున్నాను. నీ కాలికి రాడ్డు వేశారని కుప్పం ఆసుపత్రి నర్సు కృపావతి చెప్పింది. మల్లప్పను నేనే చంపాను అంటూ గోడవైపు తిరిగి పడుకుంటున్నావట. పడుకో. నిజమే కదా.

ఈ అడవిలోకి కరెంటు స్తంభాలు రావు. పంపుకైనా బల్బుకైనా మాకు డీజిల్ ఇంజినే దిక్కు. నువ్వు పుంగనూరు నుంచి సోలార్ పలకలు తెచ్చి బిగించావు. రెండు నెలలు నా చేతి సంగటి తిన్నావు, అమ్మా అని పిలిచావు. పొగ ఉండదు, చప్పుడు ఉండదు అని ఇంటింటికీ చెప్పావు. ఆ చప్పుడే మాకు కాపలా నాయనా. నీళ్లు అక్కర్లేకపోయినా పొద్దు గూకేసరికి ఇంజిన్ తిప్పడం మా అలవాటు. ఆ మోతకు ఏనుగులు రాగి చేలల్లోకి దిగవని మా నమ్మకం. నువ్వు నవ్వేసి, బండితో సహా ఇంజిన్ను షెడ్డులోకి తోయించి, తాళంచెవి మా ఆయన మల్లప్ప చేతిలో పెట్టావు.

వారం తిరగలేదు. గుట్ట అవతలి చేనికి కాపలా పోయిన ఆయన్ని సాయంత్రం ఏనుగు ఎత్తి బండకేసి కొట్టింది. పడినవాడి రొమ్ము తొక్కింది. దుప్పట్లో మూటగట్టి తెచ్చారు. మూట కిందినుంచి కారుతూనే ఉంది. మొహం చూపించమని ఏడిస్తే, చూపించడానికి మొహం మిగల్లేదన్నారు.

మరునాడు నువ్వు పూలదండ పట్టుకుని వచ్చావు. నిన్ను చూడగానే నాకు ఒళ్లు తెలియలేదు. మొదటి దెబ్బ నాదే, చెప్పుతో, నోటి మీద. ఆ తర్వాత ఊరంతా పడింది. నువ్వు పాతిన ఇనుప స్తంభానికే నిన్ను కట్టేశారు. వెంకటరమణప్ప పార కర్రతో మోకాలి మీద కొడితే ఎముక విరగడం నాకు వినిపించింది. అబద్ధమెందుకు, కడుపు చల్లబడింది. నువ్వు తిరిగి చెయ్యెత్తలేదు. దాంతో నాకు ఇంకా మండింది.

పోలీసులకు ఎవరి పేరూ చెప్పలేదట. నీ దయ మాకు అక్కర్లేదు. అసలు సంగతి విను. ఎల్లుండి మావాళ్లు గడ్డపారలతో నీ పలకలు పగలగొట్టి, ఇంజిన్ మళ్లీ బయటికి తీస్తారు. కావాలంటే ఈలోగా ఎవరినైనా పంపి దింపించుకో. నువ్వు మాత్రం రావద్దు. ఈసారి ప్రాణాలతో పోవు.

ఇట్లు,
మల్లప్ప భార్య యశోదమ్మ

తా.క.: వానలకు పోస్టుమాన్ రాక ఉత్తరం ఇంట్లోనే ఉండిపోయింది. ఈ పొద్దున ఇంజిన్ కోసం షెడ్డు తెరిస్తే ఖాళీ. వెతగ్గా వెతగ్గా చేని పక్కన పారే వంకలో, పొదల కింద కనిపించింది, నలిగిపోయి, తలకిందులుగా. అప్పుడు మేకలు కాసే పాపమ్మ నోరు విప్పింది. ఆ సాయంత్రం ఆమె గుట్ట మీదే ఉందట.

“ఇంజిను ఆడతానే ఉండె యశోదక్కా. మల్లప్పన్నే బండి తోసుకోని పొయి తిప్పినాడు. ఆ సద్దు మీదికే ఏనుగు పరిగెత్తుకోని వచ్చె. ముందు ఇంజిన్ను పొడిసింది. ఆ సద్దు ఆపేదానికి పొయి ఆయప్ప సిక్కినాడు.”

ముందే యాల చెప్పలేదే అని దాని జుట్టు పట్టుకున్నాను. మీరు ఆ పిల్లోణ్ణి కొట్టేది చూసి నోరు రాలేదు అంది. జుట్టు వదిలేశాను.

వెంకటరమణప్ప గడ్డపార అక్కడే పడేసి ఇంటికి పోయాడు. పలకలు ఎవరూ ముట్టలేదు. నీకు ఈ మాట చేర్చడానికి ఊళ్లో ఒక్కడూ ముందుకు రావడం లేదు, అందుకే అదే కాగితం మీద రాస్తున్నాను. పైన రాసింది కొట్టివేయను, నేను ఎలాంటిదాన్నో నీకు తెలియాలి. మా ఆయన్ని నువ్వు చంపలేదు నాయనా. నిన్ను చంపబోయింది మేము. పోలీసులు మళ్లీ వస్తే పేర్లు చెప్పు. మొదట నాది.