చీటీ వస్తేనే షట్టర్

నల్లగొండ,
9-8-2022

మెర్సీ సిస్టరమ్మకు లింగస్వామి నమస్కారాలు.

అక్షరాలు వంకరగా ఉన్నాయి, తప్పులు కూడా ఉంటాయి. ఏమీ అనుకోవద్దు. ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. మీ అడ్రసు ఆయమ్మ ప్రమీలమ్మ ఇచ్చింది. మీ ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను.

నేను ఆరో నంబరు మంచం కౌసల్య పెనిమిటిని. నందికొండ ఎడమ కాలువ మీద లష్కర్‌గా ముప్పై ఏళ్లు, ఆఫీసు నుంచి చీటీ వస్తేనే షట్టర్లు ఎత్తి దించినవాణ్ని.

కౌసల్యకు ఇంకా నయం కాలేదు. ఐసీయూలో వేశారు. నిన్నటి నుంచి కళ్లు తెరవడం లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి పోనిస్తారు. కాళ్ల దగ్గర నిలబడి వస్తాను. చేసేది ఏమీ లేదు.

మొదటి రోజు మీరు చెప్పినవి గుర్తు చేసుకుంటున్నాను. నాకు అర్థం కావడం లేదని నా కాలువ మాటల్లోనే చెప్పారు. క్లోమం గూడ నీ లెక్క లష్కరే తాతా, చీటీ వస్తేనే షట్టర్ ఎత్తుతది అన్నారు. తిన్నది పేగులోకి దిగగానే పేగు చీటీ రాసి నెత్తుట్లో వేస్తుంది, అది అందితే క్లోమం రసం వదులుతుంది, పాలు నెయ్యి అయితే చీటీ గట్టిగా పోతుంది అన్నారు. ఇప్పుడు వాచి ఉంది కనుక ఆ రసం క్లోమాన్నే అరిగిస్తుంది, నోట్లో ఏమీ పెట్టొద్దు అన్నారు. చీటీ చినిగిపోతే పని అయిపోయినట్టేనా అని అడిగాను. నెత్తుట్లో అది ముక్కలవుతుందని, కొన్ని ముక్కలు ఉత్త కాగితమేనని, కొన్ని మాత్రం సంతకం ఉన్నట్టే ఇంకా పని చేస్తాయని చెప్పారు. ఆపమనే చీటీలు వేరే ఉంటాయన్నారు. అప్పుడు కౌసల్య, ఈయన నోరు గూడ చీటీ వస్తేనే తెరుస్తడు సిస్టరమ్మా అంది. మీరు నవ్వారు.

నాలుగో రోజుకు నొప్పి తగ్గింది. ఆ రోజే కాలువకు నీళ్లు వదిలారు. మా తూము దగ్గర ఒక పద్ధతి ఉంది. నీళ్లొచ్చిన రోజు పాలు, బెల్లం, నెయ్యి వేసి పాశం వండుతారు. తొలి ముద్ద లష్కర్ పెండ్లాం తినాలి. నేను నౌకరీ దిగినా ఆ ముద్ద కౌసల్యకే ఇస్తున్నారు. ఇప్పటి లష్కర్ ముజాహిద్ డబ్బా పట్టుకొని ఇంత దూరం వచ్చాడు. అవ్వ తినంది మా తాహేరా ఎవ్వరికీ గంటె పెడ్తలేదు కాకా, అందరు కూసోనున్నరు అన్నాడు. తాహేరా అతని పెండ్లాం. డబ్బా తీసుకొని కిటికీలో పెట్టాను.

తెల్లారి నొప్పి మళ్లీ తిరగబెట్టింది. ఎవరో ఏదో తినిపించారని, మీరు చూసుకోలేదని డాక్టరు సారు మిమ్మల్ని అందరి ముందు తిట్టారు. నేను గోడ పక్కనే ఉన్నాను. తర్వాత మిమ్మల్ని పనిలో నుంచి తీసేశారని ప్రమీలమ్మ చెప్పింది.

ఒకటి అడగాలని ఉంది. కొంచెం తిన్నా చీటీ పోతుందా? పోతే, ఆ ముక్కలు ఇన్ని రోజులు ఉంటాయా? ఆపమనే చీటీ ఎందుకు రావడం లేదు? సారును అడగడానికి నాకు నోరు రాదు.

ఇట్లు
లింగస్వామి

తా.క. పాశం నేనే తినిపించాను. మూడు చెంచాలు. కౌసల్య వద్దంది, సిస్టరమ్మ కోపం జేస్తది అంది. నీళ్లొచ్చినయి, నువ్వు తినంది ఆడ ఎవ్వరు తింటలేరు, జర నోరు తెరువు అని నేనే పెట్టాను. రైతులు కాళ్లు పట్టుకున్నా చీటీ లేకుండా షట్టర్ ఎత్తనివాణ్ని. సారు గది ముందు రెండుసార్లు నిలబడి వచ్చాను. ఈ కాగితం సారుకు చూపించండి, దీని మీద నా సంతకం ఉంది. మీ నౌకరీ మీకు ఇస్తారు. కౌసల్య సంగతి నేను అడిగినదానికి మాత్రం జల్దీ జవాబు రాయండి.