హులిగమ్మ గారి ఎక్స్‌రే

ఆదోని

రికార్డుల విభాగం వారికి,

నమస్కారం. నమస్కారం పెట్టినా ఇది కోపంతో రాస్తున్న ఉత్తరమే. మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే పాట వినిపిస్తారు. మెయిల్ పంపితే "ఈ చిరునామాకు జవాబు రాయవద్దు" అని జవాబు వస్తుంది. అందుకే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను.

నా పేరు అస్మా. కుట్టుమిషన్ల మెకానిక్‌ని. ఏ కాలేజీ నాకు నేర్పలేదు. చెడిపోయిన మిషన్లను విప్పి, వాటి పెట్టెల్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకాలు చదివి నేర్చుకున్నాను. ఒక చలిదేశంలో గుడారాలు కుట్టే ఫ్యాక్టరీ నాకు ఉద్యోగం ఇచ్చింది. శాశ్వత నివాసం కోసం మీ దగ్గర వైద్య పరీక్ష చేయించుకున్నాను. ఎక్స్‌రే బాగుంది. రక్తమూ ఇచ్చాను. చిన్నప్పటి టీకాల కార్డు ఉంది. ఒక్క చికెన్ పాక్స్ గడి ఖాళీగా ఉందని ఫైలు పక్కన పెట్టారు.

ఇప్పుడు సూది వేయించుకోవాలంటే ఒకటి వేశాక రెండోదానికి నెల ఆగాలి. ఈ నెలాఖరుకు నా ఫైలు మీ బల్ల దిగకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటే ఇంట్లో పెద్దవాళ్ల వాంగ్మూలం చాలని మీ కౌంటర్లోనే చెప్పారు. మా అమ్మీ మహమూదా బీ చెప్పింది చెప్పినట్టు రాసి, ఆమె వేలిముద్ర వేయించి పంపుతున్నాను:

"నా బిడ్డ అస్మా మూడో తరగతి సదివేటప్పుడు మేము హొళగుందలో ఉంటిమి. ఆ ఎండాకాలం హులిగమ్మ తల్లి మా ఇంటికి వచ్చినాది. ఉన్నన్ని దినాలు ఇల్లు సల్లంగా పెట్టుకుంటిమి. తాలింపు ఎయ్యలేదు. బిడ్డను వేపాకు మీద పండబెడితిమి. తర్వాత నీళ్లు పోసి మర్యాదగా సాగనంపితిమి. మళ్లా రాలేదు. ఇది నిజం."

ఇంతకన్నా వివరంగా ఎవరూ చెప్పలేరు. గడి నింపండి.

ఇట్లు,
ఆ గడి నిండితే తప్ప నిద్రపోని
అస్మా

తా.క.: మీ గోడ మీద "చిరునవ్వుతో సేవ" అని రాసి ఉంది. నేను వచ్చిన రోజు చిరునవ్వు సెలవు పెట్టినట్టుంది.

———

హైదరాబాదు

అస్మా గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. మీ ఉత్తరమూ, మీ అమ్మగారి వాంగ్మూలమూ అందాయి. ఆమె ఎంత మర్యాదస్తులో ప్రతి మాటలోనూ తెలుస్తోంది. అయితే అందులో చికెన్ పాక్స్ ఊసు ఎక్కడా లేదు. దానికి బదులు వేరే సంగతి బయటపడింది.

కుటుంబ వివరాల్లో మీరు తల్లి ఒక్కరే అని రాశారు. మహమూదా బీ గారు. వాంగ్మూలంలో మాత్రం హులిగమ్మ అనే ఇంకొక తల్లి మీ ఇంటికి వచ్చి కొన్నాళ్లు ఉన్నట్టు ఉంది. కుటుంబ సభ్యులను దాచిపెడితే దరఖాస్తు తిరస్కరిస్తారు. అలా జరగకూడదని మీ మేలు కోరి ఆమె పేరును నేనే కంప్యూటర్లోకి ఎక్కించాను.

దయచేసి హులిగమ్మ గారి పుట్టిన తేదీ, ప్రస్తుత చిరునామా, మీ తండ్రి షరీఫ్ గారికి ఆమె ఏమవుతారో తెలపండి. వీలు చూసుకుని ఆమెను ఎక్స్‌రేకు తీసుకురండి.

మీ శ్రేయస్సు కోరే
భారతి, రికార్డుల విభాగం

తా.క.: ఇలాంటివి ఇంటి గుట్టు అని నాకు తెలుసు. అందుకే కవరు మీద "రహస్యం" అని ఎర్ర సిరాతో పెద్దగా రాశాను.

———

ఆదోని

భారతి మేడమ్ గారికి,

కవరు మీద ఎర్రగా రహస్యం అని రాస్తే మా వీధిలో చదవకుండా ఎవరుంటారు? మీ ఉత్తరం వచ్చేసరికి నేను ఎమ్మిగనూరులో మిషన్ బాగుచేస్తున్నాను. అమ్మీ దాన్ని పక్కింటి ఏసమ్మ చేత చదివించుకుంది. "షరీఫ్ గారికి ఆమె ఏమవుతారో" దగ్గర ఏసమ్మ ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ అక్కడి నుంచే చదివిందట.

మా అబ్బా ఆటో నిలిపి లోపలికి వచ్చాడు. తర్వాత జరిగింది ఏసమ్మ నాకు ఇలా చెప్పింది.

"హొళగుందలో యా హులిగమ్మ?" అంది అమ్మీ.

"నాకేం తెలుసు? ఆ పక్క ఇంటికొక హులిగమ్మ ఉంటాది."

"ఇంటికొకటా? నేను ఒకతే అనుకుంటి."

"నువ్వే కదా తల్లి వచ్చినాదని రాయించింది."

"నేను సెప్పిన తల్లి వేరు. ఆపీసోళ్లు కంప్యూటర్లో సూసి రాసినారు. నాకు తెలీనిది కంప్యూటర్‌కు తెలిసిందే."

ఆ రోజు అబ్బా అన్నం ఆటోలోనే తిన్నాడు. నేను వచ్చి విడమరిచి చెప్పాక అమ్మీ కోపం ఆయన మీద నుంచి దిగి మీ మీదికి ఎక్కింది. తల్లిని తీసుకొచ్చి మా ఆయనకు అంటగడతారా అంటోంది.

ఇప్పుడు వినండి. ఆమె మా అబ్బాకు ఏమీ కాదు. అసలు ఆమె మనిషే కాదు. ఎండాకాలంలో వస్తుంది. ఎవరూ పిలవరు. ఆ ఏడు మా వీధిలో పిల్లలున్న ఏ ఇంటినీ వదల్లేదు. ఆమె వచ్చిన ప్రతి ఇంట్లో పిల్లలు మంచం పట్టారు. మీ గడికి జవాబు ఇదే.

ఇంకా తేటగా రాయవచ్చు, కానీ అమ్మీ నా ప్రతి ఉత్తరాన్నీ చదివించుకుని వింటోంది. "మీ గడిలో ఉండే ఆ మాటను తల్లి పేరుకు అంటించి రాసినావంటే నా ఏలిముద్ర ఎనక్కి తీసుకుంటా. వచ్చిన తల్లిని రోగం అంటారా ఎవురన్నా?" అంది. నాకు ఒళ్లు మండింది. నా ఉద్యోగం పోతాది అమ్మీ అని అరిచాను. "పోనీ. ఇంగోటి వస్తాది. నోరు జారితే ఎనక్కి రాదు" అంది. హొళగుందలో మేం ముగ్గురు పిల్లలం మంచం పడితే రెప్ప వేయకుండా మమ్మల్ని ముగ్గురినీ దక్కించుకున్న మనిషి. అలాంటి మనిషి ఒక మాట వద్దంటే నేను రాయను. మీరే అర్థం చేసుకోండి. జీతం తీసుకుంటున్నారు కదా.

ఇట్లు,
ఒకే ఒక్క తల్లి గల
అస్మా

తా.క.: ఏసమ్మ ద్వారా వీధిలో అందరికీ మీ పేరు తెలిసింది. ఆదోనికి వస్తే మాత్రం వేరే పేరు చెప్పుకోండి.

———

హైదరాబాదు

అస్మా గారికి,

మీ ఇంట్లో శాంతి నెలకొని ఉంటుందని ఆశిస్తాను. షరీఫ్ గారికి నా క్షమాపణలు చెప్పండి.

ఒక స్త్రీని పట్టుకుని "మనిషే కాదు" అనడం నాకు బాధ కలిగించింది. ఆమె మీద మీకు ఎంత కోపమున్నా ఆమె కష్టాలు ఆమెకుంటాయి. ఇంటింటికీ తిరుగుతూ బతికే మనిషికి మీ అమ్మగారు చోటిచ్చారు. అందుకే మీ అమ్మగారంటే నాకు గౌరవం పెరిగింది.

మా డాక్టరు గారికి తెలుగు రాదు. ఉత్తరాల సారాంశం నేనే ఇంగ్లీషులో చెబుతాను. పిలవకుండా ఇళ్లలోకి వచ్చే ఒక మహిళ, ఆమె వెళ్లిన ప్రతి ఇంట్లో మంచం పట్టిన పిల్లలు అని చెప్పగానే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అంటువ్యాధి గల మనిషితో ఒకే ఇంట్లో ఉన్నట్టు మీ ఫైలులో రాయించారు. కాబట్టి హులిగమ్మ గారికి ఎక్స్‌రేతో పాటు కఫం పరీక్ష కూడా తప్పనిసరి.

పేరు తీసేయడానికి నేను చాలా ప్రయత్నించాను. ఒకసారి ఎక్కిన పేరు పోవాలంటే కంప్యూటర్ మరణ ధ్రువపత్రం అడుగుతోంది. హులిగమ్మ గారు కాలం చేసి ఉంటే దాని నకలు పంపితే చాలు. గడువు దగ్గర పడుతోంది.

మీ ఫైలు కోసం రోజూ డాక్టరు గారి చేత తిట్లు తింటున్న
భారతి

తా.క.: కఫం ఉదయం లేవగానే తీయాలి. ఆమెకు టీ ఇవ్వకండి.

———

ఆదోని

భారతి మేడమ్,

ఈసారి గౌరవ వచనాలు రాయలేదు, ఏమనుకోకండి. మీ ఉత్తరం విన్న దగ్గర నుంచి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

"మరణ ధ్రువపత్రం" అని చదవగానే అమ్మీ చేతిలోని చాట కింద పడింది. "తల్లికి సావు కాగితమా? ఆమె పోతే ఇంగ ఉండేదెవురు?" అంది. నువ్వు ఏ దేశమూ పోవద్దు అనేసింది.

మా అబ్బా మాత్రం ఆలోచించాడు. ఆయన ఆలోచించినప్పుడల్లా మాకు భయం. ఆఫీసుకు కావాల్సింది ఒక హులిగమ్మ, అంతే కదా అనుకుని ఆటో తీసుకుని పోయి, జిన్నింగు మిల్లులో పత్తి ఏరే హులిగమ్మను ఎక్కించుకుని వచ్చాడు. వాకిట్లో అమ్మీ ఉంది.

"వచ్చినారా ఇద్దరూ? రాండి, కూకోండి. కంప్యూటర్ ఉత్తనే సెప్తాదా?" అంది అమ్మీ.

హులిగమ్మ బెదరలేదు. "నీ మొగుడు నాకెందుకమ్మా, నా మొగుడితోనే సస్తాండాను. ఎక్స్‌రే ఉత్తినే తీస్తారంటే వచ్చినా. పత్తి దుమ్ముకు దగ్గు ఇడిసి పెట్టదు."

అమ్మీ మచ్చలున్న ఆమె ముఖం వైపు చూసి మెత్తబడింది. "నీకూ వచ్చిందా?"

"రాకుండానా? చిన్నప్పుడు నా పేరు యల్లమ్మ. తల్లి వచ్చి, ముఖమంతా ముద్దర్లు వేసి, ప్రాణం ఇడిసి పెట్టి పోయినాది. అందుకని మా నాయిన ఆమె పేరే పెట్టినాడు."

ఇద్దరూ సాయంత్రం దాకా మాట్లాడుకున్నారు. ఆ ఎండాకాలాల్లో ఎవరి బిడ్డకు ఎవరు నీళ్లు పోశారు, ఏ ఇంటివాళ్లు గడప దాటకుండా ఎలా ఉన్నారు, ఏ బిడ్డ దక్కలేదు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని గోడకు ఆనుకుని విన్నాను. డాక్టరూ లేడు, మందూ లేదు. వంట్లో నిప్పు రేపిన దాన్నే తల్లీ అని పిలిచి, బతిమాలి, పంపించి, మమ్మల్ని దక్కించుకున్నారు ఈ ఆడవాళ్లు. వాళ్ల భాషలో మీ గడి ఎప్పుడో నిండింది. ఖాళీగా ఉన్నది మీ కంప్యూటర్‌లో.

ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి ఫోటో తీశాను. హులిగమ్మ ముఖాన్ని దగ్గరగా కూడా తీశాను. రెండూ పంపుతున్నాను. మీ డాక్టరుకు తెలుగు రాకపోతే పోనీ, కళ్లున్నాయి కదా. మా ఇంటికి వచ్చిన తల్లి ఈమె ముఖం మీద సంతకం చేసి పోయిందని చెప్పండి. అప్పటికీ అర్థం కాకపోతే నా ఫైలు చింపేయండి.

ఇట్లు,
అస్మా

తా.క.: హులిగమ్మకు నిజంగానే ఎక్స్‌రే కావాలి. అబ్బా రేపు ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నాడు. అమ్మీ కూడా ఆటో ఎక్కుతుంది. మధ్యలో కూర్చుంటుందట.

———

హైదరాబాదు

ప్రియమైన అస్మా గారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు పాడుచేశాను.

డాక్టరు గారు ఫోటో చూశారు. మళ్లీ కళ్లజోడు తీశారు. "ఈ మచ్చలు చికెన్ పాక్స్‌వి కదా. మా ఊళ్లో కూడా దాన్ని అమ్మ అనే పిలుస్తారు. మీరు నాకు ఏమని అనువదించారు?" అని అడిగారు. "ఇంకో తల్లి" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను.

నేను మస్కట్‌లో పుట్టి పెరిగాను. తెలుగు ఇంట్లో నాన్న నేర్పారు. టీకాలన్నీ పసితనంలోనే వేశారు. మా ఇంటికి ఆ తల్లి ఎప్పుడూ రాలేదు కాబట్టి ఆమె పేరు నాకు ఎవరూ చెప్పలేదు. మీ అమ్మగారికి నా నమస్కారాలు. ఆమె వద్దన్న మాట ఫైలులో ఆమె వాంగ్మూలం పక్కన రాయలేదు. దానికి వేరే కాగితం పెట్టాను.

వచ్చి పోయిన గుర్తు రక్తంలో ఉంటుందట. మీరు ఇచ్చిన రక్తం ఇంకా మా దగ్గరే ఉంది. డాక్టరు గారు తానే దగ్గరుండి పరీక్ష చేయించారు. గుర్తు ఉంది. గడి నిండింది. గడువుకు ముందే ఫైలు పంపించాం.

ఒక్కటే మిగిలింది. ఆ పేరును కంప్యూటర్ తీయనివ్వలేదు. మరణ ధ్రువపత్రం నేను అడగను, మీరు పంపరు. అందుకని ఆమె వివరాల దగ్గర "వయసు తెలియదు, ఎక్స్‌రే తీయడం సాధ్యం కాదు" అని రాశాను. అవతలివాళ్లు చూసి తీసేస్తారులెండి.

మీ చెల్లెలు అనుకోమని కోరుతూ
భారతి

తా.క.: మధ్యలో మీ అమ్మగారు కూర్చున్న ఆటోలో షరీఫ్ గారు క్షేమంగా తిరిగి వచ్చారా?

———

ఆదోని

చెల్లెలు భారతికి,

మీరు అని రాయడం ఇక మానేస్తున్నాను. అక్క తిట్టినా పడాలి.

అబ్బా క్షేమం. హులిగమ్మ ఊపిరితిత్తుల్లో పత్తి దుమ్ము తప్ప ఏమీ లేదన్నారు. మందులిచ్చారు. మిల్లువాళ్లు గుడ్డ మాస్కులు ఇవ్వరట. నేను కుట్టి, అందరికీ పంచి, మేనేజరు ముందే నా నోటికి వచ్చింది అని వచ్చాను.

నిన్న ఆ దేశం నుంచి కాగితం వచ్చింది. అనుమతి ఇచ్చారు. నాకొక్కదానికే కాదు, ఇద్దరికి. కింద ఇలా ఉంది: "హులిగమ్మ. సంబంధం: తల్లి. వయసు: తెలియదు. వైద్య పరీక్ష: మినహాయింపు. శాశ్వత నివాసం: మంజూరు." నేను అచ్చు తప్పేమో అని నాలుగుసార్లు చదివాను. అవతలివాళ్లు తీసేయలేదు, చెల్లీ. స్వాగతం కూడా చెప్పారు.

నీ మీద అరవాలని కలం తీశాను. కానీ నా కాగితం చేతికి రావడానికి ఆ డాక్టరు ముందు రోజూ నిలబడి తిట్లు తిన్నది నువ్వే. తప్పు చేసినా ఫైలు వదల్లేదు. నా మిషన్లలో ఒక రకం ఉంటుంది. దారం తప్పుగా వేసినా ఆగదు, చివరి దాకా కుట్టేస్తుంది. నాకు ఆ రకమే ఇష్టం.

దిద్దించమని రాయనా అని అమ్మీని అడిగాను. ఒద్దంది. అందరికీ చెప్పడానికి వీధిలోకి పోయింది.

ఇట్లు,
ఇద్దరు తల్లులు గల నీ అక్క
అస్మా

తా.క.: అమ్మీ నీకు రాయమన్న మాట ఇది: "ఆ దేశంలో పుట్టిన బిడ్డలకందరికీ సూదులేస్తారంట కదా. ఆడ ఆ తల్లికి పనేమీ ఉండదు. ఇన్ని ఊర్లు, ఇన్ని ఎండాకాలాలు తిరిగినాది. పోనీ, ఇంగ రొంత సేపు కూకోనీ."