మేడం చీర కుచ్చులు

శుక్రవారం రాత్రి, ధర్మవరం

కోపం ఇంకా దిగలేదు. రాస్తాంటే అక్షరాలు వంకర పోతాండాయి.

పొద్దున ప్రేయర్ కాంగానే కరస్పాండెంట్ సార్ రూముకి పిలిపించినాడు. "ఏమ్మా, ఇంట్లో చీర కొంగులకి కుచ్చులు వేస్తాండావంట? టీచరై ఉండి ఇదేం పని? పేరెంట్స్ చూస్తే స్కూలు పరువేం కావాల?" అన్నాడు. ఎండాకాలం రెండు నెలలూ జీతం ఇయ్యడు గదా! అప్పుడు మా పొయ్యి వెలిగించేది ఈ కుచ్చులే గాని ఆయన పరువు కాదు. పైకి మాత్రం తలకాయ ఊపినా.

పక్కనే ఆయన భార్య, మా మేడం, కూచోనుండాది. ఆయన తిడతాన్నంతసేపూ ఆయమ్మ తన పట్టుచీర కుచ్చులతో ఆడుకుంటానే ఉండాది. అవి పోయిన నెల నేను వేసినవే! దుడ్లు అడిగితే "మన టీచరే గదా" అని నవ్వి పోయింది.

బయటికొచ్చినాక వరండాలో నా చేతిలో ఇంకో చీర పెట్టింది. "రేపు యాన్యువల్ డేకి కట్టుకోవాల. కుచ్చులు వేసి తీసుకురా. సార్‌కి మాత్రం చెప్పొద్దు."

నేనేమన్నా? "సరే మేడం" అన్నా. నా నోరు పడిపోనూ!

వేసినా. చివరి ముడి ఇప్పుడే బిగించినా. ఎప్పుడూ లేనంత బాగొచ్చినాయి, అదొక మంట.

రేపు ఆయమ్మ ఈ చీర కట్టుకోని సార్ పక్కన స్టేజీ మీద కూచుంటాది. యాంకరింగ్ నాదే, మైకు నా చేతిలోనే ఉంటాది. "మేడం, కుచ్చులు చానా బాగుండాయి, ఎవరు వేసినారు?" అని అందరి ముందరా అడగతా.