తమ్ముడి అకౌంట్

పిచ్చుకా, ప్రియమైన నా తల్లీ,

ఫోన్ చేస్తే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం, చెప్పాల్సింది చెప్పడం లేదు. అందుకే కాగితం తీసుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువు, నేను చదివింది ఐదో క్లాసే.

తమ్ముడి గేమ్ అకౌంట్ మూసేశారే.

వాడు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. జబ్బుతో మంచం మీద ఉన్నప్పుడు నా పేరున అకౌంట్ తెరిచి, ఆ ఆటలో ఒక మనిషిని తయారు చేసుకున్నాడు కదా. అచ్చం తన పోలికే. అదే బుగ్గ సొట్ట, అదే భుజం వంచి నడిచే నడక. నొప్పి ఎక్కువైతే మౌస్ నా చేతిలో పెట్టి, "అమ్మా, నేను కాస్సేపు పడుకుంటా, నువ్వు ఆకులు కోస్తూ ఉండు" అనేవాడు. మందాకులు కోసి అక్కడి అంగట్లో ఇస్తే బంగారం ఇస్తారు, అది పెట్టెలో పేరుకుంటుంది. అంతా ఆటలోదే. వాడు పోయాక కూడా నేను మానలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చునేదాన్ని. బంగారం నాకెందుకు? వాడు నడుస్తుంటే చూడ్డానికి.

నిన్న తెరిస్తే ఎర్ర అక్షరాలు. మన వీధిలో కంప్యూటర్లు బాగుచేసే కళ్ళద్దాలాయన వచ్చి చదివాడు.

"అక్కా, ఆడేది మనిషి కాదు, మిషన్ అంటున్నారు. ఎప్పుడూ ఒకే దారి, ఒకే వేగం, మాటా పలుకూ లేదంట."

"గుండీలు కుట్టే చెయ్యయ్యా ఇది. దీనికి ఒకటే వేగం. మా సూపర్‌వైజర్ మెచ్చుకునేది దీన్నే" అన్నాను.

"మెచ్చుకునేవాళ్ళు వేరు, మూసేవాళ్ళు వేరక్కా" అన్నాడు.

ఇంకో నింద కూడా ఉందట. ఆ బంగారాన్ని ఎవరికో నిజం డబ్బుకి అమ్మారట. అది వాళ్ళ రూల్స్‌లో పెద్ద తప్పట. నేనెవరికి అమ్మానే? నాకు కూరగాయల బేరమే సరిగ్గా రాదు.

అప్పీలు పెట్టుకోవచ్చట. నీకు ఇంగ్లిష్ వచ్చు, నువ్వు రాసి పంపు. వాణ్ణి మళ్ళీ చూడాలి. ఫొటోలు కదలవు కదా.

నీ అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

అప్పీలు పెట్టకు. అవి పెద్ద కంపెనీలు, మన మాట చెవిన వేసుకోరు. నాకు మాత్రం ఆ ఆట సంగతులేం తెలుసు? ఈ దేశంలో అది తెరుచుకోనే తెరుచుకోదు. 'మీ ప్రాంతంలో లేదు' అని వస్తుంది.

నీకు కోపం వస్తుంది, అయినా చెప్తున్నాను. అది తమ్ముడు కాదమ్మా, బొమ్మ. మూస్తే మూశారు. నువ్వు కాస్త నలుగురిలోకి వెళ్ళు. ఈ నెల డబ్బు ఆలస్యమైతే కంగారు పడకు. నర్సింగ్ హోమ్‌లో పని ఊపిరి సలపనివ్వడం లేదు.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

నువ్వు వద్దన్నా అద్దాలాయన చేత అప్పీలు పెట్టించాను. జవాబు వచ్చింది. నేను మిషన్ని కాదని ఒప్పుకున్నారు. అంతవరకు సంతోషం.

బంగారం అమ్మింది మాత్రం మన ఇంటి నుంచి కాదట. నువ్వుండే దేశం నుంచట. అక్కడ ఆట మూసి ఉంటుంది కాబట్టి, వేరేచోట ఉన్నట్టు నమ్మించి లోపలికి దూరే దొంగదారులు ఉంటాయట. ఒకరోజు ఆ దారి తెగిపోయి అసలు చోటు బయటపడిందట.

అద్దాలాయన నా వైపు చూడకుండా అడిగాడు, "అక్కా, పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఆ దేశంలో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు" అన్నాను.

చివరి రోజుల్లో వాడు పాస్‌వర్డ్ చెప్పిననాడు ఆ మంచం దగ్గర ఉన్నది మనం ముగ్గురమే.

ఎంత కోసినా పెట్టెలో బంగారం నిలిచేది కాదు. ఆ ఆటలోని వాడి స్నేహితులు వాడుకుంటున్నారనుకుని మురిసిపోయాను, పిచ్చిముఖాన్ని.

దొంగ ఎవరో పేరు రాసి సంతకం పెడితే అకౌంట్ తెరుస్తారట. ఆ పేరు మీ దేశం పోలీసులకి ఇస్తారట. ఏం రాయమంటావో నువ్వే చెప్పు.

అమ్మ

*

అమ్మా,

నేనే.

తమ్ముడి చివరి రోజుల్లో సెలవు ఇవ్వకపోయినా వచ్చేశాను కదా. తిరిగి వెళ్ళేసరికి నా పనిలో ఇంకొకరున్నారు. కొడుకుని పోగొట్టుకుని కూర్చున్నదానివి, నీకు ఇది కూడా ఎలా చెప్పను? వాణ్ణి ఒక్కసారి చూద్దామనే ఆ దొంగదారిన వెళ్ళాను. పెట్టె నిండా బంగారం ఉంది. ఇక్కడ ఆట మూసి ఉంది కాబట్టి దొంగచాటుగా ఆడేవాళ్ళు ఎంతకైనా కొంటారు. మొదటిసారి గది అద్దెకి అమ్మాను. ఆ తర్వాత చెయ్యి ఆగలేదు.

నెలనెలా నీకు పంపింది నా జీతం కాదమ్మా. నువ్వు కోసిన ఆకుల డబ్బే. నీ కూలి నీకే పంపి నాదని చెప్పుకున్నాను.

నా పేరు రాసెయ్యి. నీకు తమ్ముడైనా దక్కాలి.

పిచ్చుక

*

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నీతో మనసులో కూడా మాట్లాడలేదు. ఆ డబ్బుతోనే వాడి ఫొటోకి ఫ్రేమ్ కట్టించాను. 'మా అమ్మాయి పంపింది' అని షాపువాడికి అడక్కపోయినా చెప్పాను.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు.

అద్దాలాయన వచ్చి, "పేరు చెప్పక్కా, రాస్తాను" అన్నాడు.

"నా పేరే రాయి. ఆ దేశంలో ఉన్నట్టు నమ్మించి బంగారం నేనే అమ్మానని రాయి."

"అలా రాస్తే ఇక ఎప్పటికీ తెరవరు. లోపలున్నదంతా చెరిపేస్తారక్కా."

"రాయవయ్యా" అన్నాను. రాశాడు. సంతకం పెట్టాను.

వాడు మొదటిసారి పోయినప్పుడు ఆపడం నా చేతిలో లేదు. ఈసారి నా చేత్తోనే పంపించాను. నీ కోసం చేశాను, ఆ బరువు నువ్వూ మోయాలి. క్షమించానని రాయలేను, అబద్ధం అవుతుంది. వాణ్ణి చూద్దామనే వెళ్ళానన్నావే, ఆ ఒక్క ముక్క నమ్ముతున్నాను. నమ్మకపోతే నాకు ఇద్దరూ పోయినట్టే.

ఇకమీద డబ్బు పంపకు. పని దొరికితే దొరికిందని రాయి, దొరక్కపోతే లేదని రాయి. చేతిలో పైసా లేక ఒక పూట మానేస్తున్నావేమో. మానకు. వేళకి కడుపునిండా తిను.

అమ్మ