మంచం పక్కన ఆగిన గీత

పురానాపూల్,
ఆదివారం

ప్రియమైన రాహేలుకు,

ఈ ఉత్తరం రాయకుండ ఊకుందామనే అనుకున్న. బిడ్డ సోనీకి పురుడైనంక నువ్వు ఎట్లాగు వస్తవు, అప్పుడు చెప్తే ఏమైతదని కలం మూత పెట్టి, మళ్ల తీసిన. ప్రభువు దయవల్ల మీరంత అక్కడ కుశలమని తలుస్త. ఇక్కడ నేను కుశలమన్న మాట ఇంకా రాస్తలేను, జర ఆగు.

ముందు నీ ప్రశ్నలు. నల్లా నీళ్లు వస్తున్నయి. కోళ్లను పక్కింటి ఆగయ్య చూస్తుండు, ఒకటి తగ్గింది. పిల్లి ఎత్కపోయిందంటుండు. వాని మూతి చూస్తె నమ్మబుద్ధి కాలె. మంచం కింది పాత కంప్యూటర్ ఎందుకు అమ్మవు అన్నవు. దానికి జవాబు జర పొడుగు.

నయాపూల్ కాడ కంప్యూటర్ల దుకాణం పెట్టిన కొత్తల నా దోస్తు రామ్‌చందర్ ఫ్లాపీలు తెచ్చిండు, యాదుందా? సాఫ్ట్‌ఐస్ అని ఓ పనిముట్టు. రెండు మీటలు నొక్కితె, నడిచే కంప్యూటర్ గడియారంతో సహా ఎక్కడిదక్కడ నిలబడేది. లోపలికి దిగి, ఏ ప్రోగ్రాం ఎక్కడ తప్పిందో చూసి, మళ్ల నడువుమనొచ్చు. డిక్షనరీ పక్కన పెట్టుకుని నేర్చుకున్న. కాలేజీ పోరలు చార్మినార్ దాటి వచ్చి నా ఎనక నిలబడి చూసేటోళ్లు. మస్తు రోజులవి! తర్వాత విండోస్ మారినప్పుడల్లా లోపలి తలుపుకు కొత్త తాళం పడ్డది. నిరుడు ఆ పనిముట్టు చేసేటోళ్లే అమ్ముడు బంద్ చేసిండ్రు. ఇప్పుడు ఇంకో కంప్యూటర్ తెచ్చి, తీగ కట్టి, బయటనుంచి చూడాలట. నేను నేర్చుకోలె. పాతదుండంగ ఫికరెందుకనుకున్న.

మన గల్లీ చివరి దవాఖానల, మంచం పక్కన గుండె కొట్టుకునుడు గీత లెక్క చూపే కంప్యూటర్ ఉంటది గదా. ఆ గీతను తెరమీదికి తెచ్చే ప్రోగ్రాం నేను రాసిందే. పోయిన నెల కొత్త కంప్యూటర్ పెట్టిండ్రు. గీత అప్పుడప్పుడు ఆగుతుందని డాక్టర్ విమలాదేవి పిలిచింది. పాత పనిముట్టు అందుల ఎక్కనే ఎక్కలె. అలవాటుకొద్ది రెండు మీటలు నొక్కిన. ఏం కాలె. నర్సు సుగుణమ్మ ఎదురుంగ నిలబడ్డది. నాకు చేతగాదని చెప్పబుద్ధి కాలె. "ఏం కాదు మేడం, నడుస్తది" అన్న.

రాహేలూ, గాబర పడకు. శుక్రవారం నాకు ఛాతిల నొప్పి లేసింది. ఆగయ్య ఈ దవాఖానకే ఆటోల ఏసుకొచ్చిండు. పండుకోబెట్టింది ఆ కంప్యూటర్ పక్క మంచం మీదనే.

కన్ను మూయలె. గీతనే చూసుకుంట పడి ఉన్న. నిన్న పొద్దుగాల అది ఆగింది. ఒళ్లంత చెమట. ఆగింది ప్రోగ్రామో నేనో తెలుస్తలేదు. సుగుణమ్మ సూది పట్టుకుని ఉరికొచ్చింది.

"తాతా, గుండె ఆగిందే!"

"ఆ సంగతి నాకే చెప్తున్నవా బిడ్డా?"

నవ్వు కోసం అనలె. సూది పొడవకుండ ఆమె చెయ్యి పట్టుకున్న. డాక్టరమ్మ వచ్చినంక అంతా చెప్పేసిన.

"మొన్న ఏం కాదంటిరి గదా డానియేలు గారూ?"

"అది వేరేటోళ్ల గుండెకు చెప్పిన మేడం."

ఆమె నవ్వలె. మిషన్ బంద్ చేయించింది. నాకంటె ముందు ఈ మంచం మీద పండుకున్నోళ్లు అందరు ఇంటికి పోయిండ్రా అనడిగిన. "పోయిండ్రు" అన్నది. నిజమో, నా గుండె కోసం అన్నదో. లోపల ఏమైతుందో చూడలేకపోవుడు ఇంత భయమని నాకెరుక లేకుండె.

గురువారం పెద్ద దవాఖానకు తీస్కపోతరట. నెలలు నిండిన పిల్లను విడిచి రాకు, ప్రార్థన చెయ్యి. పాత కంప్యూటర్ అమ్మను. నా ప్రోగ్రాంను దాంట్ల పెట్టి తప్పు వెతుకుతనని రామ్‌చందర్ అన్నడు.

ఇందాక సుగుణమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఆరిపోయిన తెరమీద తడి తువ్వాల ఆరేసి పోయింది.

ఇట్లు
నీ పెనిమిటి,
డానియేలు